అప్‌డేట్: కాలమ్ ఫ్లడ్డింగ్ ఆగింది, ఇప్పుడు కండెన్సర్ వంతు

జడ్చర్ల దగ్గర మా బల్క్ డ్రగ్ ప్లాంటులో మిథనాల్ రికవరీ కాలమ్ (వాడిన మిథనాల్‌ను ఆవిరి చేసి వేరుచేసే నిలువు గొట్టం), లోపలికి పంపే ఫీడ్ గంటకు 900 లీటర్లు దాటగానే ఫ్లడ్ అవుతోందని, అంటే ద్రవం కిందికి దిగక లోపలే నిండిపోతోందని పోయిన నెల ఇక్కడ అడిగాను గదా. కొత్త కాలమ్ కొనాల్సిందేనా అని. అక్కర్లేదు, పాతదే నడుస్తోంది.

‘ముందు సపోర్ట్ ప్లేట్ చూడు తమ్మీ’ అని చెప్పిన అన్నకు దండం. ఆవిరి, ద్రవం బాగా కలవడానికి కాలమ్‌లో నింపే రింగులను అడుగున మోసే బొక్కల ప్లేటు అది. షట్‌డౌన్‌లో కాలమ్ కడిగి, ఆక్సిజన్ చూసి, పర్మిట్ తీసుకొని మనిషిని దింపాం. పాత 25 ఎంఎం సెరామిక్ రాషిగ్ రింగులు (చిన్న గొట్టం ముక్కల్లా ఉంటాయి) అడుగున నుగ్గునుగ్గయి ఉన్నాయి. చదును ప్లేటు బొక్కల్లో సగం ఆ పెంకులే! మా హెల్పర్ ఒక్కో ముక్క పీకుతుంటే బకెట్‌లో టకటకా పడ్డాయి. ఇన్నాళ్లూ తప్పు బాయిలర్‌దే అనుకుని దాన్ని తిట్టాను, పాపం.

ఇప్పుడు 38 ఎంఎం స్టీల్ పాల్ (Pall) రింగులు వేశాం, వీటి గోడలకు కిటికీల్లాంటి కోతలుంటాయి. వీటిలో ఖాళీ దాదాపు 95 శాతం, పాతవాటిలో 75 కూడా ఉండదు. 50 ఎంఎం అయితే ఆవిరికి ఇంకా దారి దొరికేది, కానీ ప్యూరిటీ దెబ్బతింటుందని ఆగాం. ప్లేటు తీసేసి, ఆవిరికీ ద్రవానికీ వేర్వేరు దారులుండే గ్యాస్ ఇంజెక్షన్ సపోర్ట్ పెట్టాం. పైనుంచి ద్రవాన్ని రింగులన్నిటి మీదా సమంగా పోసే డిస్ట్రిబ్యూటర్‌కు మాత్రం మేనేజర్ సార్ మొదట ఒప్పుకోలేదు. ఒకే పైపుతో పోస్తే సగం రింగులు తడవనే తడవవని బొమ్మ గీసి చూపించాక సంతకం పెట్టారు.

ఫీడ్ గంటకు 1,300 లీటర్లకు వచ్చింది, ఫ్లడ్డింగ్ లేదు. అంతకు మించితే మధ్యాహ్నం ఎండకు, ఆవిరిని చల్లబరిచి ద్రవం చేసే కండెన్సర్ చేతులెత్తేస్తోంది. అదో కొత్త టెన్షన్, విడిగా అడుగుతా.