8 ఓమ్స్ బాక్స్, 4 ఓమ్స్ బాక్స్ ఒకే బేస్ ఆంప్‌కి పెట్టొచ్చా?

తణుకు బేస్:
అందరికీ వందనాలు. మా చర్చిలో బేస్ గిటార్ వాయిస్తాను. ఆంప్ హెడ్ (స్పీకర్లు విడిగా తగిలించుకునే ఆంప్) వెనకాల 4 ఓమ్స్‌కి (ఓమ్స్ అంటే బాక్స్ కరెంట్‌కి పెట్టే అడ్డు కొలత) 500 వాట్స్, 8 ఓమ్స్‌కి 300 వాట్స్, మినిమం 4 ఓమ్స్ అని రాసుంది. ఇప్పుడున్నది ఒకటే 8 ఓమ్స్ బాక్స్, అందులో రెండు పది అంగుళాల స్పీకర్లు. హాల్లో సరిపోతుంది గానీ ఈసారి క్రిస్మస్ ప్రోగ్రామ్ బయట పందిట్లో. డ్రమ్స్ మొదలైతే నా వాయింపు నాకే వినపడదు.

భీమవరంలో ఒకాయన నాలుగు పది అంగుళాల స్పీకర్లున్న పాత బాక్స్ ఎనిమిది వేలకి ఇస్తానంటున్నాడు. స్టిక్కర్ ఊడిపోయింది. "నాలుగు ఓమ్సే బాబూ" అంటాడు. హెడ్‌కి రెండు స్పీకర్ సాకెట్లున్నాయి. ఒకదానికి ఇదీ, రెండోదానికి అదీ పెడితే 8+4=12 కదా, 4 కంటే ఎక్కువే. ఫర్వాలేదా?

నాలుగుతీగలు:
12 కాదు బ్రదర్. ఆ రెండు సాకెట్లూ లోపల ప్యారలల్, అంటే ఒక్కో బాక్సూ విడిగా నేరుగా ఆంప్‌కే తగులుతుంది. 8, 4 కలిస్తే 2.67 ఓమ్స్. పెట్టకండి.

సోల్డర్ బాబాయ్:
తమ్ముడూ, పైన చెప్పింది కరెక్ట్. ఓమ్స్ పెరిగితే ఆంప్ మీద భారం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి దానికి తలకిందులు. ట్యాంకుకి ఒక కుళాయి తిప్పి, రెండోది కూడా తిప్పితే నీళ్లు ఇంకా ఎక్కువ పోతాయి గానీ తగ్గవు కదా. రెండో బాక్స్ పెట్టడమంటే రెండో కుళాయి తిప్పడమే. 8ని 4తో గుణిస్తే 32, కూడితే 12. 32ని 12తో భాగించు, 2.67 వస్తుంది. నీ ఆంప్ 4 ఓమ్స్‌కి ఇచ్చే కరెంట్‌కి ఒకటిన్నర రెట్లు లాగుతుంది. పైగా ఆ పవర్‌లో మూడింట రెండొంతులు 4 ఓమ్స్ బాక్సే తినేస్తుంది.

నేనూ ఈ పని చేసినవాణ్నే. పదేళ్ల కిందట కొవ్వూరు దగ్గర పెళ్లి ఆర్కెస్ట్రా. 4 ఓమ్స్ మినిమం ఆంప్‌కి రెండు 4 ఓమ్స్ బాక్సులు తగిలించా. సౌండ్ చెక్ బ్రహ్మాండం. మూడో పాటకి ఆంప్ ప్రమాదంలో ఉందని చెప్పే ప్రొటెక్ట్ లైట్ వెలిగింది. బుద్ధున్నవాడైతే ఒక బాక్స్ పీకేసేవాడు. నేను వంటవాళ్ల దగ్గర టేబుల్ ఫ్యాన్ అడిగి తెచ్చి ఆంప్ వెనకాల పెట్టా. భోజనాల టైముకి ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయాయి. విప్పితే ఒకదాని కింద వేసిన మైకా రేకు మీద నల్లటి మచ్చ, రూపాయి బిళ్లంత.

నీకు కావలసింది ఇంకో 8 ఓమ్స్ బాక్స్. రెండూ కలిసి సరిగ్గా 4 అవుతాయి, 500 వాట్స్ చెరిసగం పంచుకుంటాయి. 300 నుంచి 500 అంటే రెండు డెసిబెల్స్ పైచిలుకు అంతే, దానికి మురిసిపోకు. గాలిని నెట్టే స్పీకర్లు పెరగడం కూడా కలిస్తేనే తేడా తెలుస్తుంది.

భీమవరం వెళ్తే మల్టీమీటర్ పట్టుకెళ్లు. ముందు మీటర్ తీగలు రెండూ ఒకదానికొకటి ఆనించి ఎంత చూపిస్తుందో చూసుకుని అది తీసెయ్యి. 8 ఓమ్స్ బాక్స్ ఐదున్నర నుంచి ఏడు దాకా, 4 ఓమ్స్‌ది మూడు, మూడున్నర దగ్గర చూపిస్తుంది. మీటర్‌కి స్పీకర్ లోపలి కాయిల్ తీగ రెసిస్టెన్స్ మాత్రమే కనపడుతుంది, అందుకే తక్కువ. ఇంకోటి, గిటార్ కేబుల్‌తో బాక్స్ కలపకు. సన్న తీగ, వేడెక్కుతుంది.

పాత వాల్వు:
బాబాయ్ చెప్పింది ట్రాన్సిస్టర్ ఆంప్‌లకి. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ లాంటి ట్యూబ్ (వాల్వు) ఆంప్‌లకి లెక్క వేరు. వాటికి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి వెనకాల స్విచ్‌ని బాక్స్ ఓమ్స్‌కి సరిపెట్టాలి. బాక్స్ తగిలించకుండా అసలు వాయించకూడదు.

తణుకు బేస్:
అన్నా, భీమవరంలోనే ఉన్నా. 6.2 చూపించింది. తీగలది 0.3 తీసేస్తే 5.9. అంటే ఇది 8 ఓమ్సే! కొనేయమంటారా?

సోల్డర్ బాబాయ్:
ఆగు. ఆయన 4 అంటున్నాడు, మీటర్ 8 అంటోంది. ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. 16 ఓమ్స్ స్పీకర్లు నాలుగు ప్యారలల్ పెడితే 4 ఓమ్స్ బాక్స్. అందులో రెండు పోతే మిగిలేది 8. పక్క కొట్లో ఒక పెన్సిల్ సెల్ కొను. ముందు స్పీకర్ల మీదున్న జాలీ విప్పించి, బాక్స్ కేబుల్ రెండు తీగలకీ సెల్ ఒక్క క్షణం ఆనించి తీసెయ్. నాలుగు స్పీకర్ల కోన్లూ (గాలిని నెట్టే గరాటు భాగాలు) ఒకేవైపు కదలాలి.

తణుకు బేస్:
పై రెండూ టప్‌మని ముందుకొచ్చాయి. కింద రెండూ ఉలుకూ పలుకూ లేవు. వేలితో మెల్లగా నొక్కితే ఒకటి లోపల గరగరమంటోంది. ఆయనకి చూపిస్తే "మొన్న వినాయక చవితికి మోగిందండీ" అన్నాడు. మోగే ఉంటుంది, సగం. రెండు వేలు తగ్గిస్తానన్నాడు గానీ దణ్ణం పెట్టి వచ్చేశా.

ప్రోగ్రామ్‌కి మా బాక్స్ లాంటిదే ఇంకో 8 ఓమ్స్‌ది అద్దెకి మాట్లాడాను. దానికి స్టిక్కర్ ఉంది. అయినా మీటర్, సెల్ జేబులో వేసుకునే వెళ్తున్నా.