పదో తరగతిలో లెక్కలు ‘చేసి చూడటం’: పాఠమా, పీరియడ్ దండగా?

ఎంవీపీ కాలనీ నాన్న:
నిన్న మా అమ్మాయి వాళ్ల లెక్కల పీరియడంతా గ్రౌండ్‌లో కొబ్బరిచెట్టు ఎత్తు కొలవడానికే అయిపోయిందట. క్లాసంతటికీ రెండే టేపులు. కోణమాపకానికి స్ట్రా అతికించి, మధ్యలోంచి దారంతో నట్టు వేలాడదీశారట; స్ట్రాలోంచి చెట్టు కొన చూస్తూ దారం ఎన్ని డిగ్రీల దగ్గర ఆగిందో చదవడం. 16 మీటర్ల దూరంలో నిలబడితే దారం 52 దగ్గర ఆగిందట, లెక్కేస్తే చెట్టు 22 మీటర్లు. పక్క గ్రూపుకి 14. చెట్టు ఒక్కటేనండీ! మార్చిలో పబ్లిక్ పరీక్షలు పెట్టుకుని ఈ ఆటలేంటి?

గాజువాక లెక్కల టీచర్:
ఆ 22 ఎలా వచ్చిందో చెప్పనా? స్ట్రా అడ్డంగా ఉన్నప్పుడు దారం 90 మీద ఉంటుంది. అంటే దారం 52 చూపిస్తే ఊర్ధ్వకోణం (చూపు పైకి లేచిన కోణం) 38. 16ని టాన్ 38తో గుణిస్తే 12.5, కంటి ఎత్తు 1.5 కలిపితే 14. మీ అమ్మాయి వాళ్లు 90లోంచి తీసేయకుండా 52నే వేసేశారు. ఈ తప్పు తనే పట్టుకుంటే పరీక్షలో బొమ్మ గీసేటప్పుడు కోణం ఎక్కడ రాయాలో మళ్లీ తడబడదు.

రిటైర్డ్ మాస్టారు, సీతమ్మధార:
పట్టుకుంటే కదమ్మా! బెల్లు కొట్టేశారు, ఎవరి నోటుబుక్కు వాళ్లు మూసేశారు. గ్రౌండ్‌కి తీసుకెళ్లడమే పాఠం అనుకుంటున్నారు ఈమధ్య. ఒకాయన పిల్లల్ని మన విశాఖ ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి, అక్కడినుంచి కనిపించే డాల్ఫిన్స్ నోస్ కొండ ఎత్తు కొలిపిస్తానన్నాడు. కొండ 174 మీటర్లు, దూరం కిలోమీటర్లలో. కోణం రెండు మూడు డిగ్రీలు ఉంటుందేమో. స్ట్రా ఒక్క డిగ్రీ అటూఇటూ అయితే కొండలో మూడో వంతు గల్లంతు!

గాజువాక లెక్కల టీచర్:
అక్కడ మీతో ఏకీభవిస్తాను మాస్టారూ. కొలవడానికి సగం పీరియడ్ చాలు, మిగతా సగం జవాబులన్నీ బోర్డు మీద రాసి పోట్లాడుకోవాలి. నేనైతే ముందురోజే ఒక ప్రశ్న ఇస్తాను: ఎక్కడ నిలబడితే తప్పు తక్కువ వస్తుంది? ఇదే చెట్టుని 45 డిగ్రీలు కనిపించే చోట నిలబడి కొలిస్తే, ఒక డిగ్రీ పొరపాటుకి ఎత్తులో తేడా 44 సెంటీమీటర్లు. 15 డిగ్రీలు కనిపించేంత వెనక్కి వెళ్తే దానికి రెట్టింపు. మరీ దగ్గరికెళ్లినా అంతే. ఇది నేను చెబితే వినరు, కొలిచాక వాళ్లే అడుగుతారు.

ఎంవీపీ కాలనీ నాన్న:
ఆ 52 సంగతి అమ్మాయికి చదివి వినిపించాను. ఏమీ మాట్లాడకుండా స్ట్రా పట్టుకుని మేడెక్కింది. సరేగానీ టీచర్‌గారూ, రెండు టేపులతో అంతమంది పిల్లలు, సగం పీరియడ్‌లో ఎలా?

గాజువాక లెక్కల టీచర్:
టేపులెందుకండీ, తాడుకి మీటరు మీటరుకి ముడులు వేయిస్తాను.