పిల్లల జట్టులో గాయాల నివారణ: చెప్పేది ఒకటి, చేసేది ఒకటి అయితే కొలిచేది ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో 12–14 ఏళ్ల పిల్లల ఫుట్‌బాల్ జట్టుకు శిక్షణ ఇస్తున్నాను. మోకాలు, చీలమండ గాయాలు తగ్గాలని ఫిఫా 11+ వార్మప్ చేయిస్తున్నాం. మూడు భాగాలు, 15 వ్యాయామాలు, దాదాపు 20 నిమిషాలు.

పిల్లల వైఖరి తెలుసుకోవడానికి అయిదు స్థాయిల ప్రశ్నావళి ఇచ్చాను. "వార్మప్ గాయాలను తగ్గిస్తుంది" అన్నదానికి ఇంచుమించు అందరూ "పూర్తిగా అంగీకరిస్తాను" దగ్గరే టిక్కు పెట్టారు. మైదానంలో మాత్రం పరుగులు హుషారుగా తీసి, రెండో భాగంలోని బలం వ్యాయామాలు రాగానే నీళ్ల సీసాల వైపు జారుకుంటారు. మోకాళ్ల మీద నిలిచి నెమ్మదిగా ముందుకు వాలాల్సిన నార్డిక్ వ్యాయామంలో, తొడ వెనక కండరం బిగుసుకోకముందే చేతులు నేలకు ఆనిస్తారు.

పేర్లు రాయవద్దన్నాను, జవాబులు మారలేదు. ప్రశ్నలను తెలుగులోనూ కన్నడలోనూ ఇచ్చాను, అదే ఫలితం. వారానికి ఎన్నిసార్లు చేశారంటే, మేం చేయించినదానికంటే ఎక్కువే రాశారు. పుస్తకం పట్టుకుని పక్కన నిలబడితే ఆ కాసేపు బుద్ధిగా చేస్తారు. వీడియోకు కొందరు తల్లిదండ్రులు ఒప్పుకోలేదు, అది న్యాయమే. నొప్పిని దాచుకుని ఆడే పిల్లలు ఉన్నారు, అందుకే నాకు ఇంత పట్టింపు.

ఈ వయసు పిల్లలు వార్మప్‌ను నిజంగా ఎంతవరకు, ఎంత సరిగా చేస్తున్నారో వీడియో లేకుండా కొలవడానికి మీ జట్టులో పనిచేసిన పద్ధతి ఏమిటి?