నాన్నకి ఐసీయూలో ఇన్ఫెక్షన్, మెరోపెనెమ్ కూడా పనిచేయడం లేదు

ప్రశ్న: నాన్నకి పేగు ఆపరేషన్ బాగానే జరిగింది. వెంటిలేటర్ మీద ఉండగా జ్వరం మొదలైంది. కల్చర్ రిపోర్టులో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా అని, మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఎదురుగా ‘ఆర్’ (రెసిస్టెంట్, అంటే ఆ మందుకు లొంగదు) అని ఉంది. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తామంటున్నారు, అది కిడ్నీలను దెబ్బతీయొచ్చని చాలా టెన్షన్‌గా ఉంది. ఆసుపత్రికి వచ్చాక ఇదెలా పట్టుకుంది? మేము చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు 1: నేను ఐసీయూ నర్సునండి. క్లెబ్సియెల్లా చాలామంది పేగుల్లో మామూలుగానే ఉంటుంది. ఐసీయూలో యాంటీబయాటిక్స్ వాడకం ఎక్కువ కాబట్టి మందులకు లొంగని రకాలే మిగులుతాయి. అవి చేతుల మీదుగా, సింకుల నుంచి, ట్యూబుల వెంట లోపలికి పోతాయి. రౌండ్స్‌లో రోజూ అడగండి: యూరిన్ క్యాథెటర్, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో పెట్టే ట్యూబు) ఈరోజు కూడా అవసరమా? అనవసరంగా ఉన్న ప్రతి ట్యూబూ ప్రమాదమే. మమ్మల్ని చేతులు శుభ్రం చేసుకోమనడానికి దయచేసి మొహమాటపడకండి. నిజంగా చెబుతున్నా, మేమేమీ అనుకోం.

జవాబు 2: నాది మైక్రోబయాలజీ ల్యాబ్. ‘ఆర్’ దగ్గర ఆగకండి, బ్యాక్టీరియా ఏ ఎంజైమ్‌తో మందును పాడుచేస్తోందో పరీక్ష చేయించమనండి. అది కేపీసీ అనే ఎంజైమ్ అయితే సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ అనే మందు పనిచేసే అవకాశం ఉంది. ఎన్‌డీఎం అయితే అదొక్కటే చాలదు, అజ్‌ట్రియోనామ్ కూడా కలుపుతారు. ఈ ఎంజైమ్‌లను తయారుచేసే జన్యువులు తరచూ ప్లాస్మిడ్ల (బ్యాక్టీరియాలో ఉండే చిన్న డీఎన్‌ఏ వలయాలు) మీద ఉంటాయి, అందుకే ఒక జాతి బ్యాక్టీరియా నుంచి ఇంకో జాతికి దాటేస్తాయి. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. కొలిస్టిన్ తప్పకపోతే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రోజూ చూడమనండి.

ప్రశ్న అడిగినవారు: ఎన్‌డీఎం అట. ఇన్ఫెక్షన్ స్పెషలిస్టుని పిలిపించాం, మీరు చెప్పిన కాంబినేషనే మొదలుపెట్టారు. క్యాథెటర్ కూడా తీసేశారు. ఇద్దరికీ చాలా థాంక్సండి.