హెన్రీ 6 నాటకాల మీద మార్లో పేరు వేయడం న్యాయమేనా?

మూడో గంట:
2016లో వచ్చిన షేక్‌స్పియర్ రచనల సంపుటి ‘న్యూ ఆక్స్‌ఫర్డ్ షేక్‌స్పియర్’ సంపాదకులు ఆయన ‘హెన్రీ 6’ నాటకం మూడు భాగాలకూ అదే కాలపు నాటకకర్త క్రిస్టఫర్ మార్లోను సహరచయితగా చూపించారు. నాకిది మింగుడు పడలేదు. ఆధారమల్లా ఎవరు ఏ మాటలు ఎన్నిసార్లు వాడారన్న లెక్కలే. ఆ రోజుల్లో కుర్ర రచయితలంతా మార్లో పద్యం ఊపు పట్టుకుని రాసినవాళ్ళే. పోలికలు కనబడకుండా ఎలా ఉంటాయి? పైగా అది ఒకరినొకరు ఓర్వలేని లోకం. 1592లో నాటకకర్త రాబర్ట్ గ్రీన్ పేరిట వచ్చిన పుస్తకంలో షేక్‌స్పియర్‌ని ‘మన ఈకలు తగిలించుకున్న కాకి’ అని తిట్టారు కదా! అలాంటి చోట పక్కపక్కన కూర్చుని రాశారంటే ఎలా నమ్మడం?

గ్యాలరీ సీటు:
తిట్టుకున్నవాళ్ళు కలిసి రాయరని ఎందుకనుకుంటున్నారండీ? అప్పటి లండన్‌లోని రోజ్ థియేటర్ యజమాని ఫిలిప్ హెన్‌స్లో ఖాతా పుస్తకం ఇప్పటికీ ఉంది. ఒక్కో నాటకానికి ఇద్దరికీ ముగ్గురికీ, ఒక్కోసారి ఐదుగురికీ డబ్బిచ్చినట్టు అందులో రాసుకున్నాడు. 1599లో ఒక స్కాట్లాండు రాజు నాటకానికి అడ్వాన్స్ తీసుకున్నది నాటకకర్తలు డెకర్, బెన్ జాన్సన్, చెటిల్, ‘ఇంకో పెద్దమనిషి’. ఆ పెద్దమనిషి మార్‌స్టన్ అనే మరో నాటకకర్త అయ్యుండొచ్చని కొందరు పండితుల ఊహ.

రెండేళ్ళు తిరక్కుండానే అదే జాన్సన్ తన ‘పొయెటాస్టర్’ నాటకంలో మార్‌స్టన్‌ను క్రిస్పినస్ అనే పాత్రగా దింపి, మాత్ర మింగించి, వాడిన ఆడంబరపు మాటలన్నీ ఒక్కొక్కటిగా గిన్నెలోకి కక్కించాడు. డెకర్ ఊరుకోలేదు. తన నాటకం ‘సటిరోమాస్టిక్స్’లో జాన్సన్‌ని ప్రాస కుదరక తంటాలు పడే కవిగా స్టేజీ ఎక్కించాడు. ఇంత రచ్చ అయ్యాక వాళ్ళు మళ్ళీ మొహాలు చూసుకోరనుకుంటాం. కానీ 1604లో మార్‌స్టన్ తన ‘మాల్‌కంటెంట్’ నాటకాన్ని జాన్సన్‌కే అంకితమిచ్చాడు. 1605లో ఇద్దరూ చాప్‌మన్ అనే ఇంకో రచయితతో కలిసి ‘ఈస్ట్‌వర్డ్ హో’ నాటకం రాశారు. అందులో స్కాట్లాండు వాళ్ళ మీద వేసిన జోకులకు జాన్సన్, చాప్‌మన్ జైలుకు వెళ్ళారు. నాటక కంపెనీలకు కొత్త నాటకాలు ఎప్పుడూ కావాలి, రచయితలకు పూట గడవాలి. కోపాలు పెట్టుకుని కూర్చునే వీలు ఎక్కడిది?

మూడో గంట:
అందరూ కలిసి రాసేవారన్నది కాదనను. దాన్నిబట్టి ఈ మూడు నాటకాల్లో మార్లో చెయ్యి ఉందని తేలదుగా? హెన్‌స్లో పుస్తకంలో షేక్‌స్పియర్ పేరే లేదు. ‘టూ నోబుల్ కిన్స్‌మెన్’ నాటకం సంగతి వేరు, 1634 నాటి ముద్రణ మీదే నాటకకర్త ఫ్లెచర్, షేక్‌స్పియర్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. పలువురు కలిసి రాసిన ‘సర్ థామస్ మోర్’ నాటకానికి కనీసం రాతప్రతి ఉంది, చేతిరాతల తేడా కళ్ళకు కనిపిస్తుంది. హెన్రీ 6కి ఏముంది? షేక్‌స్పియర్ నాటకాలన్నీ పోగుచేసి 1623లో అచ్చువేసిన పెద్ద పుస్తకం ఫోలియోలో ఆ మూడింటినీ షేక్‌స్పియర్‌వే అని వేసింది ఆయనతో కలిసి పనిచేసిన నటులు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత కంప్యూటర్ చెప్పిందని వాళ్ళ మాట తోసేద్దామా?

తెర వెనుక:
ఫోలియో మాటను అంత గట్టిగా పట్టుకోలేమండీ. ‘టైమన్ ఆఫ్ ఏథెన్స్’ నాటకం కూడా అందులోనే ఉంది, అందులో నాటకకర్త మిడిల్‌టన్ వాటా గురించి ఒక్క ముక్క లేదు. ఆ వాటాను ఇప్పుడు చాలామంది పండితులు ఒప్పుకుంటున్నారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది జాన్సన్ నాటకం ‘సెజానస్’ ముందుమాట. స్టేజీ మీద ఆడిన నాటకంలో ఇంకొకరి కలం పని బాగానే ఉందని, ఆ ప్రతిభావంతుడి హక్కు కాజేయడం ఇష్టం లేక ఆ భాగాలు తీసేసి తనవి పెట్టానని 1605లో అచ్చు వేసినప్పుడు చెప్పాడు. పేరు కోసం ప్రాణం పెట్టిన జాన్సన్ అంతటివాడే తోటి రచయిత వాటాను గుర్తించాడు. మార్లో 1593లోనే చనిపోయాడు. ఫోలియో వచ్చేనాటికి తన వాటా అడగడానికి ఆయన లేడు. అందుకే నా ఓటు పేరు వేయడానికే. అయితే ఏ సీను ఏ లెక్కనుబట్టి మార్లోకి ఇచ్చారో ఆ పేజీలోనే పాఠకుడికి చెప్పాలి.