వీ-క్రాస్ ముందు భాగం ఎత్తడానికి లెవలింగ్ కిట్: ఇంటి దగ్గర బిగించుకోవచ్చా?

గుణుపురం పత్తిచేను:

అందరికీ నమస్కారం. మాది గుణుపురం దగ్గర పల్లె. సెకండ్ హ్యాండ్‌లో ఇసుజు వీ-క్రాస్ పికప్ తీసుకున్నాను. వారంలో సగం రోజులు ఎరువులు, పురుగుమందులు వేసుకుని చేలోకి వెళ్తుంది, మిగతా రోజులు ఇంట్లో వాళ్ళతో తిరుగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు వెనక ఎత్తుగా, ముందు ముక్కు కిందికి వంగినట్టు ఉంటుంది. చూడ్డానికి బాగోలేదన్నది ఒకటైతే, చేను గట్టు దిగేటప్పుడు ముందు బంపర్ కింద ప్లాస్టిక్ నేలకి రాసుకుంటోంది. ఇప్పటికే ఒక క్లిప్పు ఊడింది.

ఆన్‌లైన్‌లో '2 అంగుళాల లెవలింగ్ కిట్' అని ముందు షాకబ్జర్ల మీద పెట్టే అల్యూమినియం బిళ్ళలు కనిపిస్తున్నాయి. మా బావమరిది ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివాడు, ఇద్దరం కలిసి ఇంటి ముందు సిమెంటు కళ్ళంలో వేసేద్దాం అంటున్నాడు. నా అనుమానాలు ఇవి. స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ని నొక్కి పట్టే పనిముట్టు) లేకుండా అవుతుందా? 2 అంగుళాలు సరిపోతుందా, ఎక్కువవుతుందా? మా అమ్మకి నడుం నొప్పి, ఆసుపత్రికని రాయగడ తీసుకెళ్తుంటాను, బండి ఇప్పటికంటే గట్టిపడితే ఆవిడ కూర్చోలేదు. ఆర్టీవో వాళ్ళు ఏమైనా అంటారా? తెలిసినవాళ్ళు చెప్పండి.

రాయగడ ఘాట్ రోడ్డు:

బ్రదర్, భయపడకు, వేసెయ్. నాది టయోటా హైలక్స్ పికప్. ముందు కాయిల్ స్ప్రింగ్, వెనక కమాను కట్టలు, నీ బండి పద్ధతే. ఫ్రెండ్స్‌తో కలిసి ఒక పూటలో అయిపోయింది. కంప్రెసర్ అక్కర్లేదు, బిళ్ళ పైన కూర్చుంటుంది, స్ప్రింగ్‌ని ముట్టుకోం. స్ప్రింగ్ మారదు కాబట్టి మెత్తదనం కూడా దాదాపు అలాగే ఉంది. లుక్ అదిరిపోతుంది. వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) తర్వాత తీరిగ్గా చేయించుకో.

పర్లాకిమిడి గేరేజి:

తమ్ముడూ, పైన రాసినాయన చెప్పినదాంట్లో చాలావరకు నిజమే, 'తీరిగ్గా' అన్న మాట ఒక్కటీ వదిలెయ్. నాది సస్పెన్షన్ పని. పాతపట్నం వైపు నుంచీ, ఆర్.ఉదయగిరి కొండల నుంచీ బళ్ళు వస్తాయి. ఈ మధ్య ఇలా ఇళ్ళ దగ్గర బిళ్ళలు వేసుకుని, టైర్లు లోపలి అంచున అరిగాక మా దగ్గరకి తెస్తున్నారు. నువ్వు వెయ్యక ముందే అడిగావు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

కంపెనీ వాడు వెనక ఎత్తు పెట్టింది తెలియక కాదు. లోడు పడితే వెనక కమాన్లు దిగుతాయి, అప్పుడు బండి సమానంగా నిలబడాలని ఖాళీగా ఉన్నప్పుడు వెనక లేపి ఉంచుతాడు. ఖాళీ బండిని చూసి సమానం చేశావంటే, లోడు పడ్డ రోజున ముక్కు ఆకాశం చూస్తుంది. ఘాట్ ఎక్కేటప్పుడు బానెట్ ఎదురుగా వచ్చి రోడ్డు కనిపించదు. అందుకే కిట్ ఆర్డర్ పెట్టకముందు టేపు తియ్యి. చాలామంది టైరు పైన ఫెండర్ ఎత్తు కొలుస్తారు. ముందు ఫెండర్, వెనక ఫెండర్ ఒకే ఆకారంలో ఉండవు, వాటిని పోల్చి లాభం లేదు. తలుపుల కింద ఇనప అంచు ఉంటుంది చూడు, ముందు తలుపు మొదట్లో ఒకచోట, వెనక తలుపు చివర ఒకచోట, నేల నుంచి ఎత్తు కొలువు. ఖాళీగా ఒకసారి, నువ్వు రోజూ వేసే లోడుతో ఒకసారి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, నేల మట్టంగా ఉండాలి. ఆ లెక్క ఇక్కడ పెట్టు.

ఇంకో సంగతి. బిళ్ళ మందం వేరు, బండి లేచే ఎత్తు వేరు. షాకబ్జర్, చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే కింది ఆర్మ్‌కి మధ్యలో ఎక్కడో బిగించి ఉంటుంది, చక్రం ఆ ఆర్మ్ చివర ఉంటుంది. అందుకని 25 మిల్లీమీటర్ల బిళ్ళ వేస్తే చక్రం దగ్గర దాదాపు 40 నుంచి 50 దాకా లేస్తుంది. 2 అంగుళాల కిట్ అంటే 2 అంగుళాలు లేపేదా, 2 అంగుళాల మందమా, అమ్మేవాణ్ణి గట్టిగా అడుగు. నిజంగా 50 మిల్లీమీటర్ల బిళ్ళే వేస్తే బండి 3, 4 అంగుళాలు లేచిపోతుంది. అప్పుడు పై బాల్ జాయింట్ (పై ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే గుండ్రటి కీలు), ఫోర్ బై ఫోర్ అయితే ముందు యాక్సిల్ జాయింట్లు తట్టుకోలేని కోణంలో పనిచేస్తాయి. పెద్ద గుంటలో పడితే షాకబ్జర్ లోపల అడుగుకు కొట్టుకుంటుంది కూడా.

ఇక బిగింపు. పనిలోకి దిగే ముందు ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, ఈ ఒక్కదాని కోసమే ఇంత రాస్తున్నాను. షాకబ్జర్ పైన మూడు నట్లు ఒక వలయంలో ఉంటాయి, వాటి నడుమ ఒక పెద్ద నట్టు ఉంటుంది. మూడింటినే విప్పాలి. నడిమి నట్టు ముట్టుకోకూడదు. స్ప్రింగ్ మొత్తం ఆ నట్టు మీదే అణిగి ఉంటుంది, అది వదిలితే పై కప్పు తుపాకీ గుండు వేగంతో లేస్తుంది. మా జిల్లాలోనే ఒక షెడ్డులో కుర్రాడు కంప్రెసర్ పెట్టకుండా దాన్ని తిప్పాడు. కప్పు రేకు పగిలింది, వాడి దవడ పక్క నుంచి పోయింది. మీ బావమరిది చేత ఆ నట్టు మీద ఎర్ర పెయింటు పూయించి తర్వాత పానా పట్టమను.

నేల సిమెంటుది కాబట్టి బాగుంది. వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు కాదు, చెక్క గూటాలు పెట్టండి. వీల్ నట్లు బండి నేల మీద ఉన్నప్పుడే కొద్దిగా వదులు చెయ్యండి. ముందు రెండు చక్రాలూ ఒకేసారి లేపి, ఛాసిస్ కింద రెండు స్టాండ్లు వెయ్యాలి. ఒక పక్కే లేపితే స్టెబిలైజర్ బార్ (రెండు పక్కల ఆర్మ్‌లనీ కలిపే కడ్డీ) ఆ ఆర్మ్‌ని పైకి లాగుతుంది, షాకబ్జర్ బయటికి రాదు. జాకీ మీద ఉన్న బండి కింద తల పెట్టొద్దు, స్టాండు లేకపోతే ఆ రోజు పని మానెయ్యండి. ముందు రోజు సాయంత్రమే నట్లన్నిటికీ తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే సగం కష్టం తగ్గుతుంది.

చక్రం తీశాక బ్రేకు పైపు, ఏబీఎస్ వైరు పట్టుకున్న క్లిప్పులు ముందు విప్పుకోండి. తర్వాత స్టెబిలైజర్ లింకు, పై బాల్ జాయింట్ నట్టు. బాల్ జాయింట్ రాకపోతే దాని రబ్బరు బూటు మీద కాదు, నకిల్ (చక్రం బిగించి ఉండే ఇనప దిమ్మ) పక్క మీద సుత్తితో రెండు దెబ్బలు వేస్తే ఊడుతుంది. ఊడిన నకిల్‌ని వదిలెయ్యకండి, కట్టుతీగతో ఛాసిస్‌కి వేలాడదియ్యండి. లేకపోతే బరువంతా బ్రేకు పైపు మీద పడుతుంది, యాక్సిల్ లోపలి జాయింటు జారి బయటికొస్తుంది. కింది ఆర్మ్ కింద జాకీ ఆనించి, కింది బోల్టు, పై మూడు నట్లు తీస్తే షాకబ్జర్ స్ప్రింగ్‌తో సహా మొత్తంగా చేతికొస్తుంది. బిళ్ళ పెట్టి మళ్ళీ ఎక్కించడమే.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. రబ్బరు బుష్ ఉన్న బోల్టుల్ని బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించొద్దు. చేతి బిగువు చాలు. చక్రాలు వేసి, బండి నేల మీద దిగి, ముందు భాగాన్ని రెండు మూడుసార్లు నొక్కి వదిలాక అప్పుడు పూర్తిగా బిగించాలి. గాల్లో బిగిస్తే, దింపాక లోపలి రబ్బరు తడిబట్ట పిండినట్టు మెలి తిరిగి ఉండిపోతుంది, నెలల్లో చిరిగిపోతుంది. టార్క్ పానా (బిగువు కొలిచే పానా) వాడండి, ఎంత బిగువో నీ బండి వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది. ఎవడో ఫోరంలో రాసిన అంకె వద్దు, నేను రాసినా వద్దు. బాల్ జాయింట్‌కి స్ప్లిట్ పిన్ కొత్తదే వెయ్యి.

గుణుపురం పత్తిచేను:

అన్నగారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్. అమ్మకి చదివి వినిపించాను, నడిమి నట్టు దగ్గర ఆవిడకే టెన్షన్ వచ్చింది.

కొలతలు ఇవి. ఖాళీగా ముందు 420 మిల్లీమీటర్లు, వెనక 450. ఆరు యూరియా బస్తాలు, అంటే 45 కిలోల లెక్కన 270 కిలోలు వేశాక ముందు 416, వెనక 420. రెండు కొలతల చోట్ల మధ్య దూరం సరిగ్గా 2 మీటర్లు.

పర్లాకిమిడి గేరేజి:

బాగా కొలిచావు తమ్ముడూ. లెక్క చూడు. ఖాళీగా 2 మీటర్లకి 30 తేడా. వీ-క్రాస్ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 3,095 మిల్లీమీటర్లు ఉంటుంది, కాబట్టి చక్రాల దగ్గర తేడా సుమారు 46. లోడుతో 2 మీటర్లకి 4, చక్రాల దగ్గర 6. అంటే నీ ఆరు బస్తాలతో బండి ఇప్పటికే దాదాపు మట్టంగా ఉంది, కంపెనీ వాడి లెక్క సరిపోయింది.

ఇప్పుడు 2 అంగుళాలు లేపితే ఖాళీగా మట్టంగా ఉంటుంది, లోడుతో ముక్కు 44 మిల్లీమీటర్లు పైకి. నువ్వు వారంలో సగం రోజులు లోడుతో తిరిగేవాడివి. నా మాట వింటే చక్రం దగ్గర 25 మిల్లీమీటర్లు, అంటే ఒక్క అంగుళం లేపు చాలు. లోడుతో ముక్కు 19 మాత్రమే ఎత్తుగా ఉంటుంది, ఖాళీగా ఇంకా 21 వెనక ఎత్తు ఉంటుంది, అది ఉండనీ. దానికి 12, 15 మిల్లీమీటర్ల బిళ్ళ సరిపోతుంది. బంపర్‌కి కూడా ఒక అంగుళం దొరుకుతుంది. గట్టు దగ్గర కొంచెం అడ్డంగా దిగితే ఆ రాపిడి పోతుంది.

అమ్మగారి సంగతి. పైన పెట్టే బిళ్ళతో స్ప్రింగ్ గట్టిపడదు. స్ప్రింగ్ లోపల పెట్టి నొక్కే రకం కూడా అమ్ముతారు, దానికి కంప్రెసర్ కావాలి, ముందు భాగం గట్టిగా తగులుతుంది. అది నీకు వద్దే వద్దు. ఆవిడ వెనక సీట్లో కూర్చుంటే ఆ కుదుపు వెనక కమాన్లది, ముందు ఏం చేసినా మారదు. ఖాళీగా రాయగడ వెళ్ళేరోజు టైర్ల గాలి కంపెనీ స్టిక్కర్ మీద ఖాళీ బండికి రాసినంతే ఉంచు, లోడుకి నింపిన గాలితో వెళ్ళకు. ఆ తేడా ఆవిడకి బాగా తెలుస్తుంది.

హెడ్‌లైట్లు మర్చిపోకు. ముందు 50 మిల్లీమీటర్లు లేపి లైట్లు అలాగే వదిలేస్తే 25 మీటర్ల దూరంలో వెలుగు 40 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. ఎదురొచ్చే బైకువాడి కళ్ళలోకే. నువ్వు 25 మిల్లీమీటర్లే లేపినా అందులో సగం లేస్తుంది. పని మొదలుపెట్టక ముందు రోజు రాత్రి గోడకి ఎదురుగా నిలిపి డిప్ వెలుగు గీత ఎక్కడుందో లైటు మధ్య నుంచి కొలిచి చాక్‌పీసుతో గుర్తు పెట్టుకో. అయ్యాక లైటు ఎంత లేచిందో చూసుకుని, గీత అంతకుముందు లైటుకి ఎంత కింద ఉండేదో అంతే కింద ఉండేలా తిప్పించు.

జయపురం పాత జీనాన్:

చిన్న మాట, ఇది చదివేవాళ్ళలో టాటా జీనాన్ ఉన్నవాళ్ళ కోసం. మన బండికి ముందు కాయిల్ స్ప్రింగ్ ఉండదు, టార్షన్ బార్ (మెలి తిరిగి స్ప్రింగ్‌లా పనిచేసే కడ్డీ) ఉంటుంది. బిళ్ళ వేసే పని లేదు, బార్ వెనక చివర అడ్జస్టింగ్ బోల్టు తిప్పితే లేస్తుంది. బోల్టు తిప్పే ముందు బండి లేపి చక్రాల మీద బరువు తియ్యాలి. రెండు పక్కలా సమానంగా తిప్పాలి, తర్వాత కాస్త నడిపి మళ్ళీ కొలవాలి. సులువు కదా అని ఎక్కువ తిప్పితే పై ఆర్మ్ కిందికి దిగే ఆటే మిగలదు, ప్రతి గుంటలో టక్ టక్ మంటుంది.

అన్నగారూ, ఆర్టీవో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు.

పర్లాకిమిడి గేరేజి:

అవును, చెప్పాల్సిందే. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడాగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఎ సెక్షన్ కింద ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని ఉంది. రోడ్డు మీద అంగుళం తేడాని ఎవరూ టేపు పెట్టి చూడకపోవచ్చు. కానీ యాక్సిడెంట్ జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయరు చూస్తాడు. కాబట్టి వెయ్యకముందే నీ ఇన్సూరెన్స్ వాళ్ళనీ, ఆర్టీవో ఆఫీసునీ అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకో. వాళ్ళు వద్దంటే ఇంకో దారి ఉంది. బంపర్ కింద ప్లాస్టిక్ ఊడిన క్లిప్పు వేయించి, గట్టుకి రెండు ట్రాక్టర్ల మట్టి పోయించు, వాలు తగ్గుతుంది. ఖర్చూ తక్కువే.

గుణుపురం పత్తిచేను:

మట్టి సంగతి నాకు తట్టనే లేదు అన్నగారూ, గట్టు మాదే. ముందు అది పోయించి, బండి దింపి చూస్తాను. అప్పటికీ రాసుకుంటుంటే ఇన్సూరెన్స్ వాళ్ళకి మెయిల్ పెట్టి, వాళ్ళు సరేనంటే అంగుళం బిళ్ళ. వేసిన తర్వాత అలైన్‌మెంట్ ఎంతలోపు చేయించాలి?

పర్లాకిమిడి గేరేజి:

అంగుళం బిళ్ళ కాదు తమ్ముడూ, అంగుళం లేపే బిళ్ళ. ఆర్డర్ పెట్టేటప్పుడు మందం 12 నుంచి 15 మిల్లీమీటర్లని రాయి.

అలైన్‌మెంట్ మర్నాడే. నీ పల్లె నుంచి సెంటర్ దాకా నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్ళు, మధ్యలో లోడు వెయ్యకు. టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక్కటే చూసి పంపేస్తారు, క్యాంబర్ (చక్రం పక్కకి వాలి ఉండటం), క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలి ఉండటం) కూడా చూడమని అడిగి మరీ ప్రింట్ తీసుకో. క్యాస్టర్ తగ్గితే స్టీరింగ్ నేరుగా నిలవక అటూ ఇటూ తిరుగుతుంది. ఒక 100 కిలోమీటర్లు నడిపాక విప్పిన ప్రతి నట్టునీ టార్క్ పానాతో మళ్ళీ చూడు, బ్రేకు పైపు స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు ఎక్కడా లాగడం లేదని కళ్ళతో చూసుకో. ప్రింట్ ఫొటో ఇక్కడ పెట్టు, నేను చూసి చెప్తాను.