గ్యారేజీ షట్టరు రిమోటు రాత్రిపూట పనిచేయడం లేదు

ప్రశ్న (కడప): మా గ్యారేజీ షట్టరు రిమోటు పగలు వీధిలోనుంచే పనిచేస్తుంది గానీ, రాత్రి మాత్రం షట్టరుకు ఆనుకొని నిలబడి నొక్కితే తప్ప స్పందించడం లేదు. బ్యాటరీ కొత్తదే. గోడ మీది స్విచ్చుతో ఏ ఇబ్బందీ లేదు. కారణం తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (అనంతపురం): స్విచ్చుతో తెరుచుకుంటున్నదంటే మోటారు బాగానే ఉన్నట్టండీ. నా అనుమానమంతా గ్యారేజీలోని ఎల్‌ఈడీ బల్బు మీదనే. నాసిరకం బల్బులోని డ్రైవరు సర్క్యూటు (కరెంటును బల్బుకు తగ్గట్టు మార్చే భాగం) వెదజల్లే రేడియో రొద, సాధారణంగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే రిమోటు సంకేతాన్ని రిసీవరుకు అందనివ్వదు. బల్బు ఆర్పి నొక్కి చూడండి.

జవాబు (కర్నూలు): అప్పటికీ మారకపోతే, కరెంటు పూర్తిగా ఆపించి, రిసీవరు యాంటెన్నా తీగను పరీక్షింపజేయండి. సుమారు 17 సెంటీమీటర్లుండే ఆ తీగను చాలామంది ఇనుప పెట్టెలోనే చుట్టి వదిలేస్తారు. అది బయట నిటారుగా ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: బల్బు ఆర్పగానే వీధిలోనుంచే షట్టరు లేచింది. బల్బు మారుస్తాను, తీగ కూడా చూపిస్తాను. ఇద్దరికీ కృతజ్ఞతలు.